బాలాజీ కాలనీ సందులో అక్క మెస్సు: మూడున్నరేళ్ల టికెట్ల లెక్క

పప్పుతోనే మొదలుపెడతాను. ఏ మెస్సుకైనా పేరొచ్చేదీ పోయేదీ పప్పు దగ్గరే. తిరుపతి బాలాజీ కాలనీలో మెయిన్ రోడ్డు దిగి లోపలి సందులోకి వస్తే, నీలం గేటున్న మేడ కింద నాలుగు పొడవాటి బల్లలు వేసి నడిపే మెస్సు ఇది. పేరు రాసిన బోర్డు లేదు. రీసెర్చ్ స్కాలర్లు, కోచింగ్‌కొచ్చిన పిల్లలు, రుయా ఆసుపత్రిలో డ్యూటీ చేసే నర్సులు, అందరూ ‘అక్క మెస్సు’ అనే అంటారు. ఇక్కడ పప్పు ఒకవైపు, నీళ్లు ఒకవైపు అన్నట్టు ఉండదు. అన్నం మధ్యలో గుంట చేసి పోయించుకుంటే ఆ గుంటలోనే నిలుస్తుంది. తాలింపులో ఎండుమిర్చి, వెల్లుల్లి కంటికి కనబడతాయి. 2021 ఆగస్టులో నేను మొదటిసారి తిన్న రోజు ఎట్లా ఉందో నిన్న మధ్యాహ్నం కూడా అట్లానే ఉంది. ఈ మధ్యలో కందిపప్పు ధర ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో తెలిసినవాళ్లకి ఈ మాట ఎంత పెద్దదో అర్థమవుతుంది.

మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, చారు, పెరుగు. రాత్రి అన్నమో చపాతీయో మీ ఇష్టం. బుధవారం ఉడకబెట్టిన గుడ్డు. శనివారం గుడ్డు ఉండదు, పులిహోర చేస్తారు. ఆదివారం మధ్యాహ్నం కోడికూర కావాలంటే విడిగా 60 రూపాయలు. గురువారం రాత్రి మాత్రం ఎవ్వరూ తప్పిపోకూడదు: రాగిసంకటి, ఊరిమిండి అనే రోటి పచ్చడి, చెనిక్కాయల పొడి, పక్కన పుల్లటి ఆకుకూర పప్పు. ఊరిమిండి రోట్లోనే నూరుతారు, మిక్సీలో వేయరు. వెనక వంటింట్లోంచి రోకలి చప్పుడు వినబడితే గురువారమని తెలిసిపోతుంది. మా ఊరు పలమనేరు దగ్గర పల్లె. సంకటి ముద్ద తుంచి ఊరిమిండిలో అద్దుకుంటే మా అవ్వ చేతి తిండి గుర్తొచ్చి గొంతు పట్టేసిన రోజులు నాకున్నాయి.

నేను ఇక్కడే ఊళ్లో ఒక యూనివర్సిటీలో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లకి నెల నెలా ఇచ్చే ఫెలోషిప్, తెచ్చుకున్నాను. మా ఇంట్లో నెల నెలా బ్యాంకులో డబ్బు పడే మొదటి మనిషిని నేనే. అందుకని మొదటి నెలనుంచే ఒక నోటుబుక్కు పెట్టాను. మా అమ్మ పాలకేంద్రానికి పోసిన పాల లెక్క గోడ క్యాలెండరు మీద రాసేది, పూట పూటకీ ఎన్ని లీటర్లు, ఎంత వెన్న శాతం అని. ఆ అలవాటే నాకూ వచ్చింది. ఈ మెస్సు టికెట్టు కొన్న తేదీ, ధర అన్నీ అందులో ఉన్నాయి. ఈ రివ్యూ రాయడానికి కూర్చుని ఆ పేజీలు తిరగేస్తుంటే, మెస్సు కథతో పాటు నా ఫెలోషిప్ కథ కూడా అందులోనే ఉందని గమనించాను. రెండూ కలిపే చెప్తాను, విడదీస్తే ఏదీ పూర్తిగా అర్థం కాదు.

రెండు పూటల నెల టికెట్టు 2021 ఆగస్టులో 2,800 రూపాయలు. 2022 మే నెలలో 3,100 అయింది. 2023 జనవరిలో 3,300, 2024 జనవరిలో 3,500, 2025 జనవరిలో 3,700. నేను చేరినప్పుడు జేఆర్‌ఎఫ్ నెలకి 31,000. ఆ డబ్బంతా అక్క చేతిలో పెడితే పదకొండు నెలల టికెట్లు వచ్చేవి. ఇప్పుడు కొత్తగా చేరిన నా జూనియర్‌కి జేఆర్‌ఎఫ్ 37,000. పెట్టి చూస్తే సరిగ్గా పది టికెట్లు. చేతికి ఆరు వేలు ఎక్కువ వస్తున్నాయి, కంచంలోకి మాత్రం ఒక నెల తిండి తక్కువ వస్తోంది. వెనక్కి పోయి అక్కనే అడిగాను. 2014లో మెస్సు మొదలుపెట్టినప్పుడు టికెట్టు 2,000 అట, 2019లో 2,500 అట. 2014 డిసెంబరులో జేఆర్‌ఎఫ్ 25,000 అయింది, అంటే పన్నెండున్నర టికెట్లు. 2019 జనవరిలో 31,000 చేశారు, అప్పుడు పన్నెండుకి కాస్త పైన. అంతదాకా తూకం బాగానే ఉంది. జారడం ఆ తర్వాతే మొదలైంది.

రేటు పెంచడంలో అక్క పద్ధతి నాకు చాలా ఇష్టం. చేతులు కడుక్కునే చోట గోడకి ఒక నల్లపలక తగిలించి ఉంటుంది. జనవరి మొదటి వారంలో దాని మీద సుద్దతో ఐదు వరసలు రాస్తుంది: బియ్యం బస్తా, నూనె డబ్బా, కందిపప్పు కిలో, గ్యాస్ సిలిండరు, వంటమనిషి జీతం. పోయిన ఏడాది ధర ఎడమవైపు, ఈ ఏడాది ధర కుడివైపు. కింద కొత్త టికెట్టు రేటు. ఎవరైనా నిలబడి చదువుకోవచ్చు, ప్రశ్న అడగొచ్చు. నేను చేరిన కొత్తలో సోనామసూరి బస్తా 1,200 చిల్లర ఉండేది, ఇప్పుడు 1,550 దాటింది. కందిపప్పు 110 నుంచి 2024లో 170కి పోయింది. బస్తా అంటే 25 కిలోలు కాదిప్పుడు, 26 కిలోలు. 2022 జూలైలో ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ పన్ను 25 కిలోల వరకే కాబట్టి మిల్లువాళ్లు ఇంకో కిలో చేర్చి 26 కిలోల బస్తాలు తెచ్చారు. ఇది నాకు తెలిసింది ఏ పేపర్లోనూ కాదు, అక్క పలక మీద. ‘26 కే.జీ.’ అని బ్రాకెట్లో రాసి ఉంటే ఎందుకక్కా అని అడిగాను.

ఏడాది మధ్యలో రేటు పెంచింది ఒక్కసారే, 2022 మే నెలలో. ఆ వేసవి గుర్తుందా? ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పొద్దుతిరుగుడు నూనె లీటరు 200 దగ్గరకి పోయింది. హోటళ్లకిచ్చే 19 కిలోల సిలిండరు రెండువేలు దాటేసింది. అప్పుడు అక్క అందర్నీ ఒక పూట కూర్చోబెట్టి చెప్పింది. “పెంచకుంటే నేను నూనె మార్చాల, లేకుంటే పెరుగులో నీళ్లు పోయాల. రెండూ నాకు చేతకాదు. మీరే చెప్పండి.” ఎవరూ కాదనలేదు. వేపుళ్లు రెండు రోజులు తగ్గించి ఉడికించిన కూరలు పెట్టింది. నా వరకు చూస్తే ఆ నెల ఫెలోషిప్ 31,000, పోయిన నెలా 31,000, మూడేళ్ల కిందట నా సీనియర్లకీ అదే 31,000.

2023 జూలై గురించి కాస్త ఆగి చెప్పాలి. టమోటా మా జిల్లా పంట. మదనపల్లె మార్కెట్ పేరు దేశమంతా తెలుసు. ఆ నెలాఖరుకి అక్కడే కిలో 200కి చేరువైంది. మా నాయన కూడా టమోటా పెడతాడు. కానీ ఆ రేటు వచ్చినప్పుడు మా చేలో కాయ లేదు. కాయ వచ్చేసరికి రేటు కూలిపోయి, బాక్సులు మార్కెట్టుకి తోలితే బండి కిరాయి కూడా మిగల్లేదు. ఆ ఏడాది నేను ఇంటికి పంపే పదివేలు పన్నెండువేలు అయింది. ఇటు మెస్సులో నెల రోజులు టమోటా కనబడలేదు. అక్క చింతపండు చారు, దోసకాయ పప్పు, మామిడికాయ ఒరుగులతో నెట్టుకొచ్చింది. టికెట్టు మీద రూపాయి పెంచలేదు. “టమోటా మళ్లా దిగుతాది పాప, నేను పెంచిన రేటు దిగదు కదా” అంది. ధరల గురించి అంత తేలిగ్గా, అంత సరిగ్గా చెప్పినవాళ్లని నేను చూడలేదు. కూరగాయ ఎక్కుతుంది, దిగుతుంది. బియ్యం, అద్దె, జీతాలు ఎక్కితే ఇక దిగవు. ద్రవ్యోల్బణం తగ్గిందని వార్తల్లో వచ్చినప్పుడు ధరలు తగ్గాయని మా నాయన అనుకుంటాడు. పెరిగే వేగం తగ్గిందని మాత్రమే దాని అర్థం. పెరిగింది అక్కడే కూర్చుని ఉంటుంది.

సరిగ్గా ఆ జూలైలో నా ఫెలోషిప్ ఏ పరిస్థితిలో ఉందంటే, పెరిగినట్టూ ఉంది, పెరగనట్టూ ఉంది. జేఆర్‌ఎఫ్ 37,000, రెండేళ్ల తర్వాత దాని స్థానంలో వచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 చేస్తూ, ఈ ఫెలోషిప్పులిచ్చే యూజీసీ నిర్ణయం తీసుకున్నది ఆ ఏడాది సెప్టెంబరులో. అమలు మాత్రం జనవరి 1 నుంచి లెక్క. అంటే టమోటా 200 ఉన్నప్పుడు మా అకౌంట్లో పడింది 2019 నాటి రేటే. బాకీ తర్వాత వచ్చింది, నిజమే. కానీ జూలైలో ఆకలికి అక్టోబరులో అన్నం పెడితే ఎట్లా?

నాకైతే అక్టోబరులో కూడా రాలేదు. ఆగస్టుతో నాకు రెండేళ్లు నిండాయి, జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కి మారాలి. కమిటీ కూర్చోవాలి, రిపోర్టు పెట్టాలి, సంతకాలు కావాలి, ఆ కాగితం పైకి పోవాలి. ఏ బల్ల మీద ఆగిందో తెలియకుండా ఐదు నెలలు ఆగింది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు. మొదటి నెల దాచుకున్నది ఖర్చుపెట్టాను. రెండో నెల స్నేహితురాలి దగ్గర అప్పు తీసుకున్నాను. అద్దె వాళ్లకి చెప్పుకోవాలి, ఇంటికి చెప్పకూడదు. రాత్రిళ్లు ఆ టెన్షన్‌కి నిద్ర పట్టేది కాదు.

అక్టోబరు ఒకటో తారీకు మధ్యాహ్నం నేను మెస్సుకి పోలేదు. రెండో తారీకు కూడా పోలేదు. మూడోనాడు సందు మలుపులో అక్క ఎదురుపడింది, చేతిలో కరివేపాకు కట్టలు. “ఏం పాప, రెండు దినాలుగా రాలేదే? ఊరికి పోయినావా?” అంది. ఫెలోషిప్ రాలేదక్కా, టికెట్టు ఈసారి తీసుకోలేను, అన్నాను. ఆమె నా మొహం చూడకుండా కట్టల్లోంచి వాడిన రెబ్బలు తుంచి పడేస్తూ ఒక్క మాట అంది: “టికెట్టు అడిగినానా నిన్ను? తిన్నావా అని అడగతా ఉండా.” లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. ఆ రోజు కూర వంకాయ. కంచం పెట్టాక డబ్బాలోంచి ఒక పాత పుస్తకం తీసి, ఒక పేజీ మీద నా పేరు రాసి, కింద ఆగస్టు, సెప్టెంబరు అని రెండు వరసలు కొట్టేసి, అక్టోబరు దగ్గర 3,300 వేసింది. ఆగస్టు, సెప్టెంబరు కట్టినట్టు తనకి గుర్తుందని నాకు తెలియడానికే ఆ కొట్టివేత. పక్క పేజీల్లో ఇంకా ఏడెనిమిది పేర్లు కనబడ్డాయి. అన్నీ స్కాలర్లవే.

2024 ఫిబ్రవరిలో డబ్బు మొత్తం ఒకేసారి పడింది. మూడు నెలల పాత బాకీ, జనవరి, ఫిబ్రవరి టికెట్లు కలిపి ఇద్దామని వెళ్లాను. జనవరిలో రేటు 3,500 అయింది కాబట్టి బాకీ నెలలకి కూడా అదే లెక్క కట్టాను. అక్క ఒప్పుకోలేదు. “నువ్వు తిన్నది పాత బియ్యం, పాత రేటే” అని మూడు నెలలకి 9,900 మాత్రమే తీసుకుంది. ఆమె కొట్లో సరుకు అప్పు మీద తెచ్చిందో, కమ్మలు తాకట్టు పెట్టిందో నేను అడగలేదు. ఆ మూడు నెలలు పరిశోధన సాగింది ఆమె డబ్బుతో అని నాకు తెలుసు. నా థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు ఉంటుంది, ఆ పేజీ ఇప్పటికే రాసి పెట్టుకున్నాను.

ఇక అంకెలు. నేను ఎకనామిక్స్ చదవలేదు, కానీ ప్రభుత్వం నెల నెలా ప్రకటించే వినియోగదారుల ధరల సూచీ అందరికీ అందుబాటులో ఉంది. ఈ కాలమంతా 2012 ధరలని 100 అనుకుని లెక్క కట్టారు. 2014 డిసెంబరులో ఆ సూచీ 119.4. 2019 జనవరిలో 139.6. 2023 జనవరిలో 176.5. 2025 జనవరిలో 193.4. ఇప్పుడు ఫెలోషిప్ పక్కన పెట్టి చూడండి. 2014 నుంచి 2019కి ధరలు 17 శాతం పెరిగితే ఫెలోషిప్ 24 శాతం పెరిగింది. దేశమంతా స్కాలర్లు రోడ్డెక్కితే వచ్చిన పెంపు అది, మంచి పెంపే. 2019 నుంచి 2023కి ధరలు 26 శాతం పెరిగాయి, ఫెలోషిప్ 19 శాతమే పెరిగింది. 31,000 విలువ ఉన్నచోటే ఉండాలన్నా 2023లో 39,200 దాకా ఇవ్వాలి. ఇచ్చింది 37,000. పెంచామన్న రోజే అది 2019 డబ్బుల్లో 29,000 చిల్లర. 2025 జనవరికి అదే 37,000 విలువ 2019 రూపాయల్లో 26,700. నా సీనియర్ అక్క 2019లో చేతికి అందుకున్నదానికంటే నా జూనియర్ చెల్లెలు 2025 జనవరిలో నాలుగువేల పైన తక్కువ అందుకుంది. అంకె పెద్దదయింది కాబట్టి ఇంట్లోవాళ్లకీ, బయటివాళ్లకీ ఆ తక్కువ కనబడదు.

అందులోనూ ఆ సూచీలో తిండి, పానీయాల వాటా 46 శాతం లోపే ఉండేది. బట్టలు, ప్రయాణాలు, వినోదం అన్నీ కలిసిన సగటు కుటుంబం లెక్క అది. నా ఖర్చులో తిండి, అద్దె, ఇంటికి పంపేది, ఈ మూడే దాదాపు మొత్తం. పద్మావతిపురంలో ముగ్గురం ఉండే గది 2021లో 6,000, ఇప్పుడు 8,500. కొండకొచ్చే యాత్రికులకి రోజు లెక్కన ఇస్తే తనకి ఇంకా ఎక్కువ వస్తుందని ఓనరు ప్రతి ఏడూ గుర్తుచేస్తాడు. హాస్టల్లో ఉండనివాళ్లకి ఇంటద్దె భత్యం ఉంది. కానీ ఊరి స్థాయిని బట్టి శాతం మారుతుంది, హైదరాబాదుకి ఇచ్చే శాతం తిరుపతికి రాదు.

మా డిపార్ట్‌మెంటులో ఒకసారి ఈ మాట వస్తే ఒక పెద్దాయన, ‘ఎవరి జీతమూ ధరలతో సమానంగా పరుగెత్తదమ్మా’ అన్నారు. గౌరవంతోనే కాదని చెప్పాను. కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జూలైలో, ధరల సూచీని చూసి మారుతుంది. 2019 జనవరిలో 12 శాతం ఉన్నది 2024 జూలైకి 53 శాతానికి వచ్చింది. అది వాళ్ల హక్కు, నాకేం కడుపుమంట లేదు. అదే సూత్రం ఫెలోషిప్‌కి ఎందుకు పెట్టరన్నదే నా ప్రశ్న. ఏడాదికోసారి అక్క పలక మీద ఐదు వరసలు రాసినట్టు, సూచీ ఎంత పెరిగితే అంత, జనవరిలో పెంచితే చాలు. నాలుగైదేళ్లు కదలకుండా పెట్టి, తర్వాత ఒకేసారి పెంచితే, ఆ మధ్యలో చేరి ఆ మధ్యలోనే ముగించుకు వెళ్లిపోయే పిల్లలకి ఆ పెంపు అందనే అందదు. పీహెచ్‌డీ కాలం ఐదేళ్లు, పెంపుకి పెంపుకి మధ్య కాలమూ దాదాపు అంతే.

నా కష్టం చిన్నదని తెలిసేది పక్క కుర్చీలో కూర్చునే అన్నని చూసినప్పుడు. సంస్కృతంలో పరిశోధన చేస్తాడు, మాతోపాటు రాత్రిపూట మాత్రమే తింటాడు. ఆయనది నెట్ లేని ఫెలోషిప్, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చేది, నెలకి 8,000. 2012 నుంచీ అదే 8,000. 2015లో దాన్ని మొత్తానికే తీసేస్తామంటే ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు పిల్లలు రోజుల తరబడి కూర్చున్నారు, అందుకే మిగిలింది. మిగిలింది గానీ పెరగలేదు. సూచీ ప్రకారం 2012 నాటి డబ్బుల్లో 2025 జనవరికి దాని విలువ 4,100 చిల్లర. పదమూడేళ్లలో ఎవరూ కత్తి పట్టకుండానే సగం కోతపడింది. రెండు పూటల టికెట్టు ఆయన తీసుకుంటే జీతంలో సగం అక్కకే పోతుంది, అందుకే ఒక్క పూట. అక్క ఆయన కంచంలో అన్నం రెండోసారి అడక్కుండానే వేస్తుంది. ఇక రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా, పొద్దున ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి మధ్యాహ్నం ల్యాబుకొచ్చేవాళ్లు ఎంతోమంది. వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు ‘విలువ తగ్గింది’ అనే మాటకి అర్థమే లేదు.

ల్యాబు ఖర్చుల సంగతి రెండు మాటల్లో చెప్తాను. సైన్సు వాళ్లకి కంటింజెన్సీ గ్రాంటు మొదటి రెండేళ్లు ఏడాదికి 12,000, తర్వాత 25,000. 2019లోనూ, 2023లోనూ ఫెలోషిప్ పెంచారు గానీ దీన్ని ముట్టుకోలేదు. శేషాచలం అడవుల్లోంచి తెచ్చిన ఆకుల నుంచి డీఎన్‌ఏ తీసే కిట్టు ఒక్కటి కొంటే ఏడాది డబ్బులో పెద్ద ముక్క పోతుంది. మిగతాది ఎవరి జేబులోంచి పోతుందో అడగాల్సిన పని లేదు.

అమెరికాలో ఉన్న మా సీనియర్‌తో ఒకసారి ఈ సంగతి మాట్లాడాను. అక్కడా ఇదే పోరట. వాళ్ల నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే పేరున్న ఫెలోషిప్ ఏళ్ల తరబడి ఏడాదికి 34,000 డాలర్ల దగ్గర ఆగి, తర్వాత 37,000 అయింది. 2022 జూన్‌లో అక్కడ ద్రవ్యోల్బణం 9.1 శాతానికి ఎక్కింది. ఆ వేసవిలో ఇంటద్దె కట్టలేక తను ఇంకో ఇద్దరితో గది పంచుకుంది. దేశం మారినా, డబ్బు పేరు మారినా, ఆగిపోయిన అంకె మీద నడిచే బతుకు ఒక్కలాగే ఉంటుందని ఆ రోజు ఫోన్‌లో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

మళ్లీ మెస్సులోకి వద్దాం. లోపాలు లేవని కాదు. చేతులు కడుక్కునే చోట గచ్చు నున్నగా ఉంటుంది, వానాకాలంలో ఇద్దరు జారిపడ్డారు. మధ్యాహ్నం ఒకటిన్నర దాటితే కూర అడుగంటుతుంది, అప్పుడు ఊరగాయతో సరిపెట్టుకోవాలి. సోమవారం రాత్రి చారులో ఉప్పు ఎందుకో ఎప్పుడూ ఒక చిటికెడు ఎక్కువే. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ యాత్రికులు కూడా వచ్చేస్తారు కాబట్టి బల్ల దొరకదు, నిలబడి తినాల్సి వస్తుంది. 2023 దాకా రోజూ ఇచ్చిన అప్పడం 2024 జనవరి నుంచి వారానికి రెండు రోజులే. దాన్ని దాచిపెట్టలేదు, పలక మీదే రాసింది: ‘అప్పడం మంగళ, శుక్ర’. నాకు అది నచ్చింది. రేటు అదే ఉంచి గరిటె సైజు తగ్గించే మెస్సులు నేను చూశాను. అంతకుముందు నేను తిన్న ఒక చోట రెండేళ్లలో టికెట్టు మారలేదు. పెరుగు మాత్రం మజ్జిగయింది, మజ్జిగ నీళ్లయ్యాయి. ధర పెరగడం రెండు రకాలుగా జరుగుతుంది, చెప్పి పెంచేదొకటి, చెప్పకుండా కంచంలోంచి తీసేసేదొకటి. నా ఫెలోషిప్‌కి జరిగింది రెండోది.

అక్క పెరుగు గరిటె గురించి కూడా చెప్పాలి. నిండు గరిటె, అంచు దాకా. మూడున్నరేళ్లుగా అదే స్టీలు గరిటె, కాడ మీద వంకర తిరిగిన చోట ఒక సొట్ట ఉంటుంది. పెరుగు వేసేటప్పుడు కుండ అంచుకి తట్టి కారేది కార్చి, మళ్లీ నింపి వేస్తుంది. ఎవరు చూస్తున్నా, చూడకపోయినా అంతే.

ఖర్చు మరీ కష్టంగా ఉన్నవాళ్లకి ఇంకో దారి కూడా చెప్తాను. 2024 ఆగస్టులో అన్న క్యాంటీన్లు మళ్లీ తెరిచారు, పూటకి 5 రూపాయలు. నా డబ్బు ఆగిన నెలల్లో అవి లేవు. ఉండి ఉంటే నేను కూడా వరసలో నిలబడేదాన్ని. ఇప్పుడు ఫెలోషిప్ ఆలస్యమైన జూనియర్లు అక్కడికి పోతున్నారు, అందులో తలవంచుకోవాల్సింది ఏమీ లేదు. తలవంచుకోవాల్సిన వాళ్లు వేరే ఉన్నారు.

రేటింగు అడిగితే ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది గచ్చు గురించే, అక్క సిమెంటు వేయిస్తానంది. కొత్తగా వచ్చేవాళ్లకి: మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర. ఆదివారం రాత్రి మూత. విడిగా తింటే పూటకి 80. ఫోన్‌పే స్కానర్ ఉంది, చిల్లర ఇస్తే అక్కకి ఇంకా సంతోషం. నెల మధ్యలో చేరితే మిగిలిన రోజులకే లెక్క కడతారు. మొన్న సోమవారం మా జూనియర్‌ని తీసుకెళ్లాను, ప్రొద్దుటూరు అమ్మాయి, చేరి రెండు నెలలైంది, మొదటి ఫెలోషిప్ ఇంకా పడలేదు. నేను పర్సు తీసేలోపే అక్క పాత పుస్తకం తెరిచి, “పేరేం రాయాల పాప?” అని అడిగింది.